తల్లి మరచినను

చదువవలసిన భాగములు: యెషయా 49:14–16, నిర్గమ 20:12, 1 తిమోతి 5:4–8, గలతీ 4:9



దీపములు పెట్టు వేళ ఒక వృద్ధురాలు చేతిసంచి పట్టుకొని వీధి అరుగు మీద నిలిచి, "మా ఇంటికెళ్లిపోతాను, మాయమ్మ ఎదురు సూస్తాది" అనును. ఆమె నిలిచినది తన యింటి అరుగు మీదనే. ఆమె తల్లి చనిపోయి నలువది యేండ్లయినది. కుమారుడు దగ్గరకు వచ్చి చేయి పట్టుకొనగా, "ఎవరు బాబూ నువ్వు?" అని అడుగును. మన చోడవరములోను చుట్టుపట్ల గ్రామములలోను ఇట్టి గృహములు లేకపోలేదు.

తల్లి తన గర్భమున పుట్టిన బిడ్డను మరచినను తాను మరువనని దేవుడు యెషయా ద్వారా సీయోనుకు సెలవిచ్చెను. ఈ మాట మనమెన్నో మారులు వింటిమి. తల్లి నిజముగా మరచిన యింటిలో దీనిని చదువువారికి ఇది మరియొక రీతిగా వినబడును. ఆ యింటివారి నిమిత్తమే ఈ నెల పాఠము.

1. ఇది వ్యాధి యని తెలిసికొనుడి. దీనిని వైద్యులు డిమెన్షియా అందురు. దీనికి ముఖ్య కారణమైన వ్యాధిని 1906లో జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ తన తోడి వైద్యులకు వివరించెను. అందుచేత దానికి ఆయన పేరే వచ్చినది. పక్షవాతము వచ్చినవారికిని ఈ స్థితి కలుగవచ్చును. 2023లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము మన దేశములో అరువది యేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది, దీనితో బాధపడుచున్నారు. కాబట్టి ఇది దయ్యము కాదు, శాపము కాదు, ఆ తల్లి చేసిన పాపమునకు ఫలము కాదు. పుట్టుగ్రుడ్డివాని గూర్చి, ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ తలంపునే త్రోసివేసెను (యోహాను 9:1–3).

"ముసలితనము కదా" అని ఊరకుండవద్దు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందులు కూడ మతిమరుపు కలిగించును. వాటికి చికిత్స కలదు. ఆల్జైమర్ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు గాని, కొంతకాలము మేలు చేయు మందులున్నవి. విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రిలో నరముల వ్యాధుల వైద్యులున్నారు. చిన్న వాల్తేరులోని మానసిక వైద్యశాలకు తీసికొనిపోవుటకు సిగ్గుపడ నక్కరలేదు.

2. సన్మానము జ్ఞాపకశక్తికి ఇచ్చు కూలి కాదు. తలిదండ్రులు మనలను గుర్తుపట్టునంత కాలమే వారిని సన్మానింపుమని ఆజ్ఞలో లేదు. ఆ హెబ్రీ మాటకు మూలార్థము బరువు. తల్లి మనకు బరువైనదని విసుగుకొనుట వేరు. తల్లికి తగిన బరువు, అనగా విలువ, ఇచ్చుట వేరు.

"కోడలు నా గాజులు దొంగిలించింది" అని ఆమె వీధిలో చెప్పినను, అది వ్యాధి పలికించిన మాట యని యెంచి, ఆమెతో కూడ గాజులు వెదకుడి. "ఇందాకే చెప్పాను కదా" అని గద్దింపకుడి. స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరిగింపుడి. పొయ్యి, నుయ్యి, వీధి తలుపు కనిపెట్టుడి. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన బిళ్ల ఆమె ఒంటిమీద నుంచుడి.

ఇక్కడ విశ్వాసి మనస్సాక్షికి ఒక ప్రశ్న పుట్టును: "మాయమ్మ ఎదురు సూస్తాది" అన్నప్పుడు అవునన్నచో అబద్ధము కాదా? చనిపోయినదని చెప్పినచో, ఆమెకు ఆ మరణవార్త ప్రతి సాయంకాలము క్రొత్తదే. ప్రతి సాయంకాలము మరల ఏడ్వవలెను. ఈ రెండును అక్కరలేదు. ప్రక్కన కూర్చుండి, "మీ అమ్మ ఏం వండేదమ్మా?" అని అడుగుడి. అది అబద్ధము కాదు, క్రూరత్వమును కాదు.

3. భారము ఒక్కరిది కాదు. తిమోతికి వ్రాసిన పత్రికలోని మాటను మనము తరచుగా ఇంటనున్న ఒక్క కోడలి మీదికే త్రిప్పుదుము. అయితే పౌలు పిల్లలను, మనుమలను అందరిని కలిపి చెప్పెను. హైదరాబాదునుండి, గల్ఫునుండి పంపు డబ్బు అవసరమే. డబ్బు రాత్రి మేలుకొనదు. సంవత్సరములో కొన్ని దినములైనను వచ్చి, ఆమెను నిద్రింపనిచ్చి, తల్లి ప్రక్కన మీరు మేలుకొనుడి. 2007లో చేయబడిన చట్టము తలిదండ్రుల పోషణకు బిడ్డలను బాధ్యులను చేసినది. చట్టము భరణము ఇప్పించగలదు, ప్రేమను ఇప్పించలేదు.

సంఘమునకును పని కలదు. పరామర్శకు వెళ్లినప్పుడు, "నేనెవరో చెప్పు చూద్దాం" అని ఆమెను పరీక్షింపకుడి. మీ పేరు మీరే చెప్పుడి. ఆమె చిన్ననాట నేర్చిన క్రైస్తవ కీర్తన ఎత్తుకొనుడి; బిడ్డల పేర్లు పోయిన తరువాత కూడ పాటలు పలుమారు నిలిచియుండును. ఆదివారమున ఒకరు ఆమె యొద్ద నుండి, సేవచేయుచున్న కోడలిని ఆరాధనకు పంపుడి. ఆమె రాలేదని నిందించుటకంటె అది మేలు.

4. ఎరిగినవాడు ఎరిగియే యున్నాడు. ప్రార్థన మరచి, ప్రభువు నామము కూడ మరచిన తల్లి రక్షణ ఏమగును? పౌలు గలతీయులకు, మీరు దేవుని ఎరిగితిరి అని వ్రాసి, వెంటనే ఆ మాటను సవరించుకొని, దేవుడే మిమ్మును ఎరిగెనని చెప్పెను. మన నిరీక్షణ మన జ్ఞాపకము మీద కాక ఆయన జ్ఞాపకము మీద నిలిచియున్నది. సీయోను ఆయన అరచేతులమీద చెక్కబడియున్నది. కాబట్టి, "ఎవరు బాబూ నువ్వు?" అని తల్లి అడిగినప్పుడు, "నీ కొడుకునమ్మా" అని వెయ్యి మారులు చెప్పుటకు విసుగకుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు: మన వీధిలో ఇట్టి గృహమేది? ఈ నెలలో ఆ యింట ఒక పూట కూర్చుండుటకు నేను వెళ్లుదునా?

ప్రార్థన: మరువని దేవా, మరచినవారిని నీ చేతులలో ఉంచుకొనుము. వారిని మోయుచున్న వారికి బలమును నిద్రను దయచేయుము. మాకు ఓర్పు నేర్పుము. ఆమేన్.