పడవ ఇంజన్‌కు నీళ్లెందుకు?



పీజీలో ఫిజిక్స్ చదువుతున్న నన్ను ఈ సంచికకు ఒక పాఠం రాయమన్నారు. ఉష్ణం గురించి నేను బాగా నేర్చుకున్నది క్లాసులో కాదు, ఏటూరునాగారం వైపు గోదావరి ఒడ్డున, మా నాన్న పడవ దగ్గర. అదే మీకు చెబుతాను.

నేను డిగ్రీలో ఉండగా ఒక వానాకాలం నాన్న పడవ ఏటి నడుమ ఆగిపోయింది. తెడ్లు వేసి ఒడ్డుకు చేరిండు. మెకానిక్ చూసి, ఇంజన్ పోయింది, కొత్తది కొనాలన్నాడు. పాత అప్పే తీరలేదు. చదువు మానేసి పనికి పోదామనుకున్నాను. ఆ రాత్రి ఇంజన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

పడవ వెనుక తగిలించే ఈ ఇంజన్‌ను ఔట్‌బోర్డ్ మోటార్ అంటారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి మోటార్ల అమ్మకం మొదలుపెట్టాడు. కారుకు రేడియేటర్ ఉంటుంది. దీనికి ఏరే రేడియేటర్. కింది భాగంలో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం తిరుగుతూ నీటిని పైకి తోస్తుంది. ఆ నీరు ఇంజన్ వేడిని తీసుకుని బయటికి పోతుంది. అందులో కొంత పక్కనుంచి సన్నని ధారగా చిమ్ముతుంది. ధార ఆగితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. వరద నీటిలోని ఇసుక రబ్బరును త్వరగా అరగదీస్తుంది.

నాన్నను అడిగితే, "వారం నుంచి ధార సన్నగొచ్చింది బిడ్డా, అదెందుకో నాకేమెరుక?" అన్నాడు.

మార్చే పద్ధతి:

1. ముందుగా ప్లగ్ వైరు పీకాలి. లేకుంటే చేయి తగిలి ఇంజన్ తిరగవచ్చు.

2. గేర్ రాడ్డు, బోల్టులు విప్పి కింది భాగాన్ని నిటారుగా కిందికి లాగాలి.

3. పంపు మూత తీసి పాత చక్రం రెక్కలు లెక్కపెట్టాలి. విరిగిన ముక్కలుంటే వెతికి తీయాలి. అవి నీటి దారిలో అడ్డుపడతాయి.

4. షాఫ్టు మీది చిన్న కీ పోగొట్టుకోవద్దు. అది లేకుంటే షాఫ్టు తిరిగినా చక్రం తిరగదు.

5. కొత్త చక్రానికి సబ్బునీళ్లు రాసి, షాఫ్టు తిరిగే వైపే తిప్పుతూ మూత కూర్చాలి. అప్పుడు రెక్కలు సరైన వైపుకు వంగుతాయి.

6. అన్నీ బిగించి, గేర్ పడుతోందో లేదో చూసి, నీళ్లు నింపిన డ్రమ్ములో న్యూట్రల్‌లో నడపాలి. నీరు లేకుండా కొద్దిసేపు నడిపినా రబ్బరు కాలిపోతుంది.

మా ఇంజన్ అదృష్టవశాత్తు పట్టేయలేదు. రెండు రెక్కలే విరిగాయి. కొత్త చక్రం వేయగానే ధార ఎగిరింది. నాన్న ఏమీ అనలేదు. దాని కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నా చదువు ఆగలేదు.

2023 జూలై 27న మోరంచపల్లి మునిగినప్పుడు జనాన్ని హెలికాప్టర్లతో, పడవలతో కాపాడారు. అలాంటి వేళ ఇంజన్ ఆగితే ప్రాణాలు పోతాయి. కనుక పడవ తీసే ముందు ధార చూడాలి.

తమ్ముళ్లారా, లక్షణం మా నాన్నకు కనిపించింది, కారణం నాకు పుస్తకంలో దొరికింది. రెండూ కలిస్తేనే పడవ కదిలింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మానాన్నల పనిని దగ్గర కూర్చుని చూడండి. మీరు చదివిన పాఠం అక్కడ ఎక్కడో ఉంటుంది.