గర్భిణీ స్త్రీలకు ఇనుము లోపము: నేత కుటుంబములకు ఒక పాఠము

నూలు ధరను గూర్చి, రంగుల నాణ్యమును గూర్చి, రావలసిన రిబేటు బాకీలను గూర్చి మన పత్రికలో తరచుగా వ్రాయుచునే యున్నాము. ఇంటిలో కండెలు చుట్టు చేతులను గూర్చి వ్రాయుట మాత్రము అరుదు. మగ్గము మీద కూర్చుండువాడు ఒక్కడే యైనను, నూలు తోడి, కండెలు చుట్టి, పడుగు సరిచేయు ఆడువారు లేనిదే చీర మగ్గము దిగదు. ఆ చేతులకు రక్తము చాలనప్పుడు కలుగు నష్టము పనితో ఆగదు. కాన్పునాడు ప్రాణము మీదికి రావచ్చును. కనుక సోదర సోదరీమణులు ఈ పాఠమును ఓపికతో చదివి, చదువురాని పెద్దలకు వినిపింప కోరుచున్నాము.

2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణీలలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. 2015–16 నాటి సర్వేలో అది నూటికి 50. అనగా ఇది ఏ కొందరి దురదృష్టమో కాదు. షోలాపురములో నున్నను, సేలములో నున్నను, బరంపురములో నున్నను, యానాములో నున్నను, మన ఇంటి గర్భిణికి ఇది ఉండవచ్చునని తలచియే పరీక్ష చేయింపవలెను.

ఇనుము చేయు పని

రక్తమునకు ఎరుపు నిచ్చునది హిమోగ్లోబిన్ అను పదార్థము. మనము పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అది ఒంటిలోని ప్రతి భాగమునకు మోసికొని పోవును. దాని తయారీకి ఇనుము కావలెను.

గర్భకాలము మొత్తమునకు సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము ఖర్చగును. మన సంఘపు లెక్కల పుస్తకములో వలె దీనిని పద్దు వేసి చూడవచ్చును. బిడ్డకును మాయకును సుమారు 300. తల్లి ఒంటిలో పెరుగు రక్తమునకు సుమారు 500. నిత్యము ఒంటినుండి పోవు తరుగుకు సుమారు 200. మొదటి నెలలలో అవసరము తక్కువ. చివరి నెలలలో రోజుకు 6, 7 మిల్లీగ్రాములు రక్తములో చేరవలెను. మన శాకాహారములోని ఇనుములో చాల కొద్ది పాలు మాత్రమే ఒంటికి పట్టును. కనుక నిల్వ లేని తల్లికి తిండి ఒక్కటే చాలదు.

లోపము ఒక్కనాడు రాదు. నూలు దిగుమతి నిలిచినను మగ్గము వెంటనే ఆగదు గదా! మొదట గిడ్డంగి ఖాళీ యగును. తరువాత ఇంటిలోని చిలపలు అయిపోవును. చివరకు కండె లేక నాడె నిలిచిపోవును. అట్లే మొదట ఒంటిలోని ఇనుము నిల్వ తరుగును, పిదప రక్తము తయారగుచోటికి సరఫరా తగ్గును, ఆ తరువాతనే హిమోగ్లోబిన్ పడిపోవును. పరీక్షలో రక్తము తక్కువని తేలు నాటికి గిడ్డంగి ఖాళీయై చాలకాలమై యుండును.

ఎవరికి ఎక్కువ అపాయము

1. ఇరువది ఏండ్లు నిండకుండ గర్భము ధరించినవారు. వారి ఒళ్ళే ఇంకను ఎదుగుచుండును.
2. కాన్పుకును మరల గర్భమునకును రెండేండ్ల వ్యవధి లేనివారు, పలు కాన్పులైనవారు, కవల పిల్లలను మోయువారు.
3. గర్భమునకు ముందు నెలసరిలో అధిక రక్తస్రావము కలవారు.
4. ఇంటిల్లిపాది తినిన తరువాత మిగిలినది తినువారు, వేవిళ్ళతో తిండి సహింపనివారు.
5. అన్నము తినిన వెంటనే టీ, కాఫీ త్రాగువారు.
6. కొంకి పురుగులున్నవారు, చలిజ్వరము వచ్చి తగ్గినవారు. చెప్పులు లేక మలినమైన నేలమీద నడచుటవలన కొంకి పురుగులు పాదముల గుండ ఒంటిలో ప్రవేశించును.

రక్తహీనత అంతయు ఇనుము లోపము వలననే రాదు. పాలు, మాంసము రెండును ముట్టని వారికి బి12 విటమిను లోపింపవచ్చును. తలసీమియా, సికిల్ సెల్ అను వంశపారంపర్య రక్తదోషములును కలవు. మేనరికపు సంబంధములు చేయు కుటుంబములు వీటి పరీక్షను మరువరాదు.

గుర్తులు

ఆయాసము, కళ్ళు తిరుగుట, గుండె దడ, కనురెప్పల లోపలి భాగము, నాలుక, గోళ్ళు పాలిపోవుట ముఖ్యమైన గుర్తులు. మట్టి, బలపములు, పచ్చి బియ్యము తినవలెనను కోరిక కూడ తరచుగా ఇనుము లోపమునకు గుర్తు. దానిని గర్భిణి ముచ్చటగా చెప్పుకొని నవ్వి ఊరకుండరాదు. రోజుకు చుట్టు కండెలు తగ్గినవని అత్తగారు, భర్త విసుగుకొనుటకు ముందు ఆమె కనురెప్ప దింపి చూడవలెను. సోమరితనమని మనము పేరు పెట్టునది పలుమారులు రక్తము లేమియే.

హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7 నుండి 9.9 వరకు మధ్యరకము. 7కు తగ్గినచో అది తీవ్రము, ఆసుపత్రికి పోక తప్పదు. రక్తము తక్కువగా నున్న తల్లి కాన్పులో మామూలుగా పోవు రక్తమును కూడ తట్టుకొనలేదు. నెలలు నిండక పుట్టుట, తక్కువ బరువు బిడ్డ పుట్టుట కూడ ఈ లోపము వలన ఎక్కువగును.

మాత్రలు

1970లో మొదలైన జాతీయ కార్యక్రమము కాలమునుండి ఈ మాత్రలు ప్రభుత్వము ద్వారా అందుచున్నవి. 2018 నాటి రక్తహీనత నిర్మూలన పథకము ప్రకారము నాలుగవ నెలనుండి రోజుకొక మాత్ర చొప్పున 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు వాడవలెను. మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. రక్తహీనత తేలినవారికి వైద్యులు రోజుకు రెండు ఇత్తురు. నెల గడచినను ఒక గ్రామైనను పెరుగనిచో మరల చూపవలెను. కొందరికి నరముద్వారా ఇనుము ఎక్కింపవలసి వచ్చును. పురుగుల మందును నాలుగవ నెల తరువాత వైద్యులు చెప్పినట్లు వాడవలెను.

ఈ ఫోలిక్ ఆమ్లము కథ బట్టల పనివారి కథయే. 1928లో ఇంగ్లండునుండి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణీల రక్తహీనతను పరిశీలించినది. బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలకు ఆ జబ్బు ఎక్కువగా నుండెను. ఈస్టు సారముతో అది కుదురునని ఆమె 1931లో ప్రకటించినది. అందులోని గుణమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1940వ దశకములో దానిని అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మాత్ర వేసికొనినచో బిడ్డ నల్లగా పుట్టుననియు, బిడ్డ మిక్కిలి పెరిగి కాన్పు కష్టమగుననియు చెప్పుమాటలు నిజము కావు. మలము నల్లబడుట సహజము. వికారము కలుగువారు రాత్రి భోజనము తరువాత వేసికొనవచ్చును. పాలతో, టీతో, కాల్షియము మాత్రతో కలిపి వేసికొనరాదు. రెండు గంటల ఎడము ఉండవలెను. మాత్రలను పసిపిల్లలకు అందనీయరాదు. ఎక్కువగా మ్రింగినచో ప్రాణాపాయము.

తిండి

రాగులు, సజ్జలు, ఉలవలు, నువ్వులు, తోటకూర, మునగాకు ఇనుము గల తిండ్లు. చేపలు, మాంసము తినువారికి అందులోని ఇనుము సులభముగా పట్టును. పప్పు, ఆకుకూరలతో నిమ్మరసము, ఉసిరి, జామపండు చేర్చినచో శాకములోని ఇనుము మరింతగా పట్టును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. గర్భిణికి ముందు వడ్డించుట, టీని అన్నమునకు గంట దూరముగా నుంచుట – ఈ రెంటికి ఖర్చే లేదు.

సంఘములు చేయదగినది

ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు ఉచిత పరీక్ష జరుగుచున్నది. ఇది 2016లో మొదలైనది. ఆనాడు గర్భిణి యున్న ఇంటికి నూలు పంపిణీ, చీరల అప్పగింత పెట్టకుండుట సంఘములకు సాధ్యమే. షోలాపురములో బీడీలు చుట్టి కుటుంబమును పోషించు మన ఆడపడుచులకు ఆనాటి కూలి పోవునను భయముండును. ఆ ఒక్కనాటి పనిని ఇంటివారు పంచుకొనవలెను. పరభాష వచ్చినవారు ఒకరు తోడుపోయి, నర్సు చెప్పినది తెలుగులో ఇంటివారికి వివరింపవలెను.

పాఠము ముగించి ప్రతి యింటివారును తమను తాము అడుగవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి గర్భిణి హిమోగ్లోబిన్ ఎంత? ఏ తేదీన చూపించితిమి?
2. ఇచ్చిన మాత్రలలో ఎన్ని మిగిలియున్నవి? ఎందుకు మిగిలినవి?
3. నిన్న రాత్రి ఆమె ఎవరి తరువాత అన్నము తినినది?