‘గుడ్‌బై’ అను మాట



సాయంకాలము జగిత్యాల బస్టాండులో కొంతసేపు నిలిచి చూడుడి. హైదరాబాదు పోవు బస్సు దగ్గర తాడు కట్టిన పెట్టెతో ఒక యౌవనస్థుడు నిలిచియుండును. అతని చుట్టు ఇంటివారుందురు. ఆ రాత్రి అతడు శంషాబాదులో విమానమెక్కి గల్ఫు దేశమునకు పోవలెను. "పోయొస్తనే అవ్వా" అని అతడు తల్లితో అనును. "పైలంగ పోయి రా బిడ్డా" అని ఆమె అనును. భార్య ఏమియు అనదు. ఆమె చంకలోని పసిబిడ్డ మాత్రము చెయ్యి ఊపి "బై బాపూ" అనును. బస్సు కదలును.

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అను మూడు మాటలు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో సామెతవలె నిలిచినవి. మన ఇండ్లలో పోవువారిని సాగనంపని ఇల్లు అరుదు. కాబట్టి ఈ నెల ఆ పసిబిడ్డ నోటి మాటనే పాఠముగా తీసికొందము. ‘బై’ అనగా ఏమి?

‘బై’ అనునది ‘గుడ్‌బై’ అను ఆంగ్ల మాటకు తోక. ‘గుడ్’ అనగా మంచి అని బడికి పోయిన ప్రతి పిల్లవాడు ఎరుగును. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ అనునట్లే ఇదియు ఒకటి అని మనమనుకొందుము. గాని ఈ మాటలో మొదట ‘గుడ్’ లేనే లేదు. ‘గాడ్ బి విత్ యి’ అను నాలుగు మాటలు కలిసి ఇది పుట్టినది. దేవుడు మీకు తోడైయుండును గాక అని దాని అర్థము. అది వీడ్కోలు మాత్రమే కాదు, ప్రార్థన.

ప్రార్థన ఇట్లు ఎందుకు మారినది? ప్రతి దినము, ప్రతి గుమ్మము దగ్గర, తొందరలో పలికిన మాట అరిగిపోవును. ‘పోయి వచ్చెదను’ అనునది మన నోట ‘పోయొస్త’ అయినట్లే, ఆంగ్లేయుల నోట ఆ నాలుగు మాటలు ఒక్కటైనవి. 1573 ప్రాంతమునకే గేబ్రియల్ హార్వీ అను పండితుడు తన ఉత్తరములలో దీనిని ఒకే మాటగా వ్రాసెను. పాలు కొలిచినట్లు అట్టి మాటలను గాలన్ కొలతతో లెక్కించి పరిహాసమాడెను. అనగా అప్పటికే ఆ దీవెన పలుచబడినదన్నమాట. పిమ్మట గుడ్ డే, గుడ్ నైట్ అను మాటల నడుమ మసలి, ‘గాడ్’ కాస్త ‘గుడ్’ అయినది. ఎవరును పట్టుబట్టి దేవుని పేరు తీసివేయలేదు. వాడుకలో జారిపోయినది, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. 1623లో అచ్చయిన షేక్‌స్పియరు నాటకముల పెద్ద సంపుటములో ఈ మాటను ‘కొనుట’ అను అర్థమిచ్చు ‘బై’ అక్షరములతో కూర్చిరి. అది చూచి, ‘దేవుడు మిమ్మును కొనును గాక’ అని దీని అర్థమనియు, ఇందులో విమోచన సిద్ధాంతమున్నదనియు ఎవరైనను ప్రసంగింపవచ్చును. వినుటకు బాగుండును గాని అది కేవలము చెవికి వినబడినట్లు వ్రాసిన వ్రాత. విమోచనమును బోధించుటకు మనకు లేఖనములు చాలును, అచ్చు అక్షరములపై ఆధారపడ నక్కరలేదు.

మరల ఆ పసిబిడ్డ దగ్గరకు వత్తము. ‘గాడ్’ పోయి ‘గుడ్’ వచ్చినది, ఇప్పుడు ఆ ‘గుడ్’ కూడ పోయినది. మిగిలిన ‘బై’ దేని ముక్క? ‘తోడైయుండును గాక’ అను భాగపు ముక్క. అనగా ఆ బిడ్డ తెలియకయే తండ్రితో ‘తోడుండును గాక’ అన్నది. ఎవరు తోడుండవలెనో ఆ పేరు మాత్రము మాటలో లేదు.

ఇతర భాషలు ఆ పేరును పోగొట్టుకొనలేదు. ఫ్రెంచివారి ‘అద్యూ’, స్పెయిను దేశస్థుల ‘అదియోస్’ అను మాటలలో ‘దేవునికి అప్పగించితిమి’ అను భావమున్నది. అంత దూరమేల? 1948 వరకు నిజాము ప్రభుత్వములో మన జిల్లాల కచేరీ భాష ఉర్దూ. ‘ఖుదా హాఫిజ్’ అనుట మన తాతలు ఎన్నిమారులో వినిరి. దేవుడే కాపాడువాడు అని దాని అర్థము.

మన ‘పోయొస్త’లో దేవుని పేరు లేదు, తిరిగి వచ్చుట ఉన్నది. గడప దాటునప్పుడు ‘పోతున్న’ అనినచో పెద్దలు గద్దింతురు, ఏలయనగా చనిపోయినవానిని ‘పోయిండు’ అందుము. దీనిని మూఢనమ్మకమని కొందరు కోపపడుదురు. మేము అంత కఠినముగా తలంపము. పోవువాడు తిరిగి రావలెనని కోరుకొనుట ప్రేమయే గదా. గాని తిరిగి వచ్చుట మన చేతిలో లేదు. గల్ఫు నుండి పెట్టెలో తిరిగి వచ్చినవారు మన పల్లెలలో ఉన్నారు. వారి ఇంటివారికి బస్టాండులో పలికిన ఆ మాటయే కడవరి మాట అయినది.

లేఖనములలో ఈ దీవెన వీడ్కోలుగా కాక పలకరింపుగా కూడ కనబడును. రూతు 2:4 చదువుడి. బేత్లెహేము నుండి వచ్చిన బోయజు చేను కోయువారిని చూచి, యెహోవా తోడు వారికుండవలెనని పలుకును. వారును అతనిని దీవింతురు. కూలివారిని ముందుగా అట్లు పలకరించిన దొర మన ప్రాంతమున ఎందరున్నారు? దొర ఎదురైనప్పుడు కూలివాడు దండము పెట్టి ప్రక్కకు తొలగుటయే మన పెద్దలు చూచినది.

ఆదికాండము 31వ అధ్యాయములో వీడ్కోలు లేని ప్రయాణమొకటి కలదు. యాకోబు మామకు చెప్పక బయలుదేరెను. లాబాను ఏడు దినములు తరిమి పట్టుకొని, కుమార్తెలను మనుమలను ముద్దుపెట్టుకొననియ్యలేదని నిష్ఠూరమాడెను. ఎంత గయ్యాళి మామయైనను ఆ ఒక్క మాటలో అతని దుఃఖము నిజమే. అక్కడి ‘మిస్పా’ మాటలను విడిపోవునప్పుడు స్నేహితులు దీవెనగా చెప్పుకొనుట చాలచోట్ల వాడుక. గాని సందర్భము చూచినచో అది దీవెన కాదు. ఒకరినొకరు నమ్మని ఇద్దరు, దేవుని కావలివానిగా నిలిపిన ఒడంబడిక. మాట మంచిదైనను అది ఎక్కడ పుట్టినదో ఎరుగుట అవసరము.

మాట పుట్టుక తెలిసికొని దానిని మరల ప్రార్థనగా మార్చినవాడు ఒకడున్నాడు. అమెరికాలో వాషింగ్టను పట్టణపు కాపరియైన జెరెమియా రాంకిన్, 1880 ప్రాంతమున, ‘గుడ్‌బై’ యొక్క ఈ అర్థమునే ఆధారము చేసికొని, మరల కలిసికొను వరకు దేవుడు తోడుండవలెనను ఆంగ్ల కీర్తనను వ్రాసెను. ఎవరిని సాగనంపుటకును వ్రాయలేదట, మాట యొక్క అర్థము కొరకే వ్రాసెనట. విలియం టోమర్ దానికి రాగము కూర్చెను. ఆ కీర్తనతో ఎన్నో దేశములలో కూటములు ముగిసినవి.

పౌలు పత్రికలు పదమూడింటి చివరి భాగమునను కృప తోడుండవలెనను దీవెన కనబడును. అతని వీడ్కోలులు మాత్రము ఉత్తరములంత నెమ్మదిగా జరుగలేదు. మిలేతులో ఎఫెసు సంఘ పెద్దలు అతని మెడమీద పడి ఏడ్చిరి. ఇక అతని ముఖము చూడమని వారికి తెలిసినది. అటుతరువాత తూరు పట్టణమున భార్యలతోను పిల్లలతోను అందరు ఊరి వెలుపలి వరకు అతనిని సాగనంప వచ్చిరి. పిల్లలు కూడ వచ్చిరని లూకా మరువక వ్రాసెను. సముద్రతీరమున, ఇసుకలో, వారందరు మోకాళ్లూని ప్రార్థించిరి. పిమ్మట ఒకరియొద్ద ఒకరు సెలవు పుచ్చుకొనగా, పౌలును అతని తోటివారును ఓడ ఎక్కిరి, వారు తమ ఇండ్లకు తిరిగి వెళ్లిరి. ఏ మాటతో సెలవు పుచ్చుకొనిరో లూకా వ్రాయలేదు.