ఉప్పులో అయోడిన్ – కొలత ఎందుకు? ఎలా?

మీ ఇంట్లో గర్భవతి గాని, చిన్న పిల్లలు గాని ఉన్నారా? అయితే ఈ పాఠం తప్పక చదవండి.

మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి హార్మోన్లు తయారుచేయడానికి అయోడిన్ కావాలి. పెద్దలకు రోజుకు 150, గర్భవతికి 250 మైక్రోగ్రాములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది చాలా కొద్ది మోతాదే. అయినా అది అందకపోతే గాయిటర్ (మెడవాపు) రావచ్చు. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చు. ఆ నష్టాన్ని తరువాత పూడ్చడం కష్టం.

అయోడిన్ రెండు రూపాలు

మన దేశంలో ఉప్పుకు పొటాషియం అయొడేట్ కలుపుతారు. తేమకు, వేడికి అయోడైడ్ కంటే అయొడేట్ బాగా తట్టుకుంటుంది. తిన్న తరువాత అది ఒంట్లో అయోడైడ్‌గా మారుతుంది. థైరాయిడ్ తీసుకునేది దీనినే. మిగిలినది ఎక్కువగా మూత్రంలో పోతుంది. కాబట్టి ఉప్పులో అయొడేట్‌ను, మూత్రంలో అయోడైడ్‌ను వెతకాలి.

ప్రయోగశాలలో ఎలా కొలుస్తారు?

ఇందుకు వాడే పద్ధతుల్లో లిక్విడ్ క్రొమటోగ్రఫీ ఒకటి. సన్నని రేణువులు నింపిన గొట్టంలోకి నమూనా ద్రవాన్ని పంపుతో నెడతారు. సంతలో కొందరు ఎక్కడా ఆగకుండా నడిచిపోతారు, కొందరు ప్రతి అంగడి దగ్గరా ఆగుతారు కదా! అలాగే అయొడేట్ త్వరగా బయటికి వస్తుంది. అయోడైడ్ రేణువులను గట్టిగా పట్టుకొని ఆలస్యంగా వస్తుంది. ఇలా విడిపోయిన ఒక్కొక్కదాన్ని యంత్రం గీతగా గీస్తుంది. తెలిసిన మోతాదు ద్రావణం గీతతో పోల్చి ఎంత ఉందో లెక్క కడతారు.

ఉప్పుపై చుక్క వేస్తే నీలిరంగు వచ్చే చిన్న కిట్ అయోడిన్ ఉందని మాత్రమే చెబుతుంది. ఎంత ఉందో కచ్చితంగా చెప్పలేదు.

మూత్ర పరీక్ష ఫలితం

మూత్రంలో అయోడిన్ రోజురోజుకూ మారుతుంది. ఒక్క పరీక్ష చూసి భయపడవద్దు, నిశ్చింతగానూ ఉండవద్దు. ఈ పరీక్ష ఒక ప్రాంత ప్రజల పరిస్థితి తెలుసుకోవడానికే ఎక్కువగా పనికివస్తుంది. మీ థైరాయిడ్ సంగతి తెలియాలంటే డాక్టరు సలహాతో టి.ఎస్.హెచ్. రక్త పరీక్ష చేయించుకోండి.

మీరు చేయవలసినవి

1. ప్యాకెట్‌పై అయోడిన్ కలిపినట్లు ఉందో లేదో చూసి కొనండి. దుకాణంలో అమ్మే అయోడిన్ ఉప్పు కిలోలో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి.
2. విడిగా అమ్మే గల్లు ఉప్పులో అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు.
3. ఉప్పును మూత ఉన్న డబ్బాలో, ఎండ, తేమ, పొయ్యి సెగ తగలని చోట ఉంచండి.
4. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినవద్దు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే మంచిది.
5. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉప్పు మార్చవద్దు, మందులు మానవద్దు.