విద్యాభివృద్ధిని గొలుచు విధము

ఒక పాఠశాల యోగ్యతను దేనినిబట్టి నిర్ణయింపవలెను? పరీక్షలో కృతార్థులైనవారి సంఖ్యనుబట్టి యని పలువురందురు. అది చాలదు. సంవత్సరారంభమున లెక్కలలో రామునికి 70 మార్కులు, సోమునికి 30; అంతమున రామునికి 72, సోమునికి 50 వచ్చినవనుకొనుడు. మార్కులలో రాముడు మిన్న. వృద్ధిలో సోముడు మిన్న.

ఈ న్యాయమును బడులకు వర్తింపజేయుటకై అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమువారు 1992లో చట్టము గావించిరి. విలియం శాండర్స్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని రచించెను. వెనుకటి యేండ్లలో అట్టి మార్కులే గల బాలురు ఈయేడు సాధారణముగా నెంత సంపాదింతురో ముందు లెక్కింతురు. అంతకు మించి వచ్చినదే బడి చేర్చిన విలువ.

అయినను ఈ కొలత త్రాసువంటిది కాదు. చిన్న తరగతిలో ఇద్దఱు ముగ్గురు జ్వరపడినను ఫలితము తాఱుమాఱగును. మార్కులయందలి భేదములో ఉపాధ్యాయులవలన గలుగునది నూటికి 1 మొదలు 14 పాళ్లేయని పెక్కు పరిశోధనలలో దేలినట్లు 2014లో అమెరికా గణాంకశాస్త్ర సంఘమువారు ప్రకటించిరి. కావున దీనినొక్కదానినే నమ్మి ఉపాధ్యాయుని జీతమును, ఉద్యోగమును నిర్ణయించుట న్యాయము కాదు.

తలిదండ్రులారా! మార్కుల పట్టీ చేతికి వచ్చినపుడు మీ బిడ్డను పొరుగింటి బాలునితో గాక, ఆ బిడ్డ నిరుటి స్థితితోనే పోల్చి చూడుడు.