ముందు ఆ నోటు తీర్చండి

దుమ్ముగూడెం

చి.ల.సౌ. మేనకోడలికి మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

పర్ణశాల గుడి దగ్గర కొట్టు మూసి వచ్చాక రాత్రిళ్లు జాకెట్లు కుడతానని, అల్లుడు కూడా రాత్రి కిరాయిలకు ఆటో తిప్పుతానంటున్నాడని రాశావు. వద్దు తల్లీ. తెల్లారకముందే లేచి, పిల్లల్ని బడికి పంపి, కొబ్బరికాయలూ బొమ్మలూ సర్దుకుని సాయంత్రం దాకా ఎండలో కూర్చునే మనిషివి. ఆ ఒంట్లోంచి ఇంకా ఏం పిండుతావు? మీ ఇంటికి డబ్బు రాకపోవడం కాదు, వచ్చింది నిలవడం లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మీ కొట్టులో సామానంతా పోయింది. అప్పుడు నోటు రాసి తెచ్చిన 40,000 రూపాయలు ఇంకా అలాగే ఉన్నాయి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. నెలకు 1,200, ఏడాదికి 14,400. మూడేళ్లకు 43,200 కట్టారు. తెచ్చినదాని కంటే ఎక్కువ కట్టినా అసలులో రూపాయి తగ్గలేదు. నువ్వు నిద్ర మాని కుట్టిన డబ్బు కూడా చేరేది ఆ వడ్డీ వ్యాపారి ఇంటికే కదమ్మా.

కొట్టు పనిలో పడి మహిళా పొదుపు సంఘం మీటింగులకు పోవడం మానేశావని విన్నాను. మళ్లీ పో. ఆగిన పొదుపు కట్టేసి, బ్యాంకు లింకేజీ అప్పులో నీకూ వాటా అడుగు. దాంతో ఆ నోటు తీర్చేయండి. నూటికి నెలకు రూపాయి చొప్పున వడ్డీ పడిందనుకున్నా 40,000కు 400. నెలనెలా 800 నీ చేతిలోనే ఉంటాయి, సూదిలో దారం ఎక్కించకుండానే. గడువు తప్పకుండా కట్టే సంఘాలకు 5 లక్షల లోపు అప్పు మీద వడ్డీని ప్రభుత్వం తిరిగి జమ చేస్తుంది. అది ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి లెక్కలో వేసుకోకు. ఆ 800ను మాత్రం ఖర్చు పెట్టకు, సంఘం అప్పు అసలులోకే కట్టు. వ్యాపారికి డబ్బు ఇచ్చేటప్పుడు ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని, చెల్లు రాయించుకుని, నోటు వెనక్కి తీసుకోండి. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960 నుంచే నిబంధన ఉంది. ఆయనతో పోట్లాడమని చెప్పడం లేదు. ఆ సంగతి తెలిసి ఉంటే లెక్క అడగడానికి భయం ఉండదు.

మీ అత్తగారి సంగతి కూడా నాకు బాధగానే ఉంటుంది. చీకటితోనే అడవికి పోయి ఏరిన ఇప్పపువ్వు, కొట్టి దులిపిన చింతపండు, కిరాణా కొట్లో ఖాతా ఉందని ఆ షావుకారు చెప్పిన ధరకే పోసి వస్తుంది. వానాకాలంలో అదే చింతపండును ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటుంది. ఇలాంటి బేరాలు ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. కానీ ఖాతా బాకీ ఉన్నంతకాలం ఆమె కాలు ఆ సంస్థ డిపో వైపు పడదు. ముందు ఆ చిల్లర బాకీ తీర్చండి. ఆ తర్వాత డిపో ధర, సంత ధర రెండూ అడిగి అమ్మవచ్చు. తిండికి కావలసిన చింతపండు కుండలో దాచుకోవచ్చు.

మీకు రావలసినవి కూడా కొన్ని ఉన్నాయి. తునికాకు కోసినందుకు కల్లంలో ఇచ్చే కూలితోనే లెక్క తీరదు. ఆకు అమ్మి ఖర్చులు పోను మిగిలింది బోనస్‌గా కోసినవాళ్లకే ఇస్తారు. అది ఏళ్లు ఆలస్యమైనా అవుతుంది. అత్తగారి తునికాకు కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్ ఒకే పేరుతో ఉన్నాయో లేదో చూడు. అల్లుడు సారపాకలో కాంట్రాక్టు కూలీగా చేసిన రోజుల్లో జీతంలోంచి పీఎఫ్ కోసి ఉంటే ఆ డబ్బు అతనిదే. పాత జీతం చీటీ మీద యూఏఎన్ నంబరు ఉందేమో వెతకమను. చనిపోయిన మీ మామగారి పాత పాస్‌బుక్కు పెట్టెలో ఉందన్నావు. పదేళ్లు కదలని ఖాతాల సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరి నిధికి పంపుతాయి, అయినా వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని ఒకసారి బ్యాంకుకు పోయి అడగండి.

ఉచితంగా వచ్చే కరెంటు 200 యూనిట్లు దాటనివ్వకు. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. భద్రాచలం పోయేటప్పుడు ఆటో ఎక్కకుండా పల్లెవెలుగు బస్సు కోసం కాసేపు ఆగు. 2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కదా.

వచ్చే సంఘం మీటింగుకు నేనే పర్ణశాల వస్తాను. అప్పటికి అత్తగారి కార్డు, పాస్‌బుక్కులు, వడ్డీ కట్టిన చీటీలు అన్నీ ఒకచోట తీసి పెట్టు. కుట్టు మిషనుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే రేపే పోయి వెనక్కి తీసుకో.

మీ మేనత్త