దిద్దుబాటు ఇళ్ళు: దేవుడు, వ్యాపారం, మధ్యలో పిల్లవాడు

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను మన పెద్దలు ఎన్నిసార్లు వాడి ఉంటారో లెక్కలేదు. పిల్లవాడు పెడదారి పట్టాడంటే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. మాది బౌరంపేట్‌లో వ్యవసాయ కుటుంబం. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరు. తీగను పందిరికి కట్టేటప్పుడు ఇనుప తీగతో బిగించగూడదని, మెత్తని తాడుతో వదులుగా కట్టాలని మా నాయన ఇప్పటికీ చెబుతాడు. బిగించి కడితే అప్పటికి నిటారుగానే నిలబడుతుందట. రెండేళ్ళకు చూస్తే తాడు బెరడులోకి కోసుకుపోయి ఉంటుంది. అందుచేత ఈ సామెత వినగానే నాకు మొక్క కన్నా ముందు తాడు గుర్తుకొస్తుంది.

పెడదారి పట్టిన పిల్లలను ఇంటికి దూరంగా ఉంచి బాగుచేస్తామనే సంస్థల గురించి ఈ వ్యాసంలో చర్చించదలిచాను. వీటిలో మతం పాత్ర ఎంత, వ్యాపారం పాత్ర ఎంత అన్నది నా ప్రశ్న. ఇది నాకు లైబ్రరీలో పుట్టిన ప్రశ్న కాదు, మా ఇంట్లో పుట్టింది.

మా చిన్నాయన కొడుకు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మా ఊళ్ళో భూముల ధరలు ఎట్లా పెరిగాయో అందరికీ తెలిసిందే. చిన్నాయన ఎకరం అమ్మాడు. చేతిలో డబ్బు, చేయడానికి పని లేదు. తమ్ముడు పదో తరగతి తప్పాడు. విల్లాలు కట్టేచోట కుర్రాళ్ళతో చేరి గంజాయి మొదలుపెట్టాడు. చిన్నమ్మ ఏడ్వని రోజు లేదు. అప్పుడు ఒక సంస్థ కరపత్రం మా ఇంటికొచ్చింది. దైవచింతన, క్రమశిక్షణ, చదువు, ఆరు నెలల్లో కొత్త జీవితం అని అందులో ఉంది. నూటికి తొంభై మంది బాగుపడ్డారనీ ఉంది. చిన్నాయన నా చేతికిచ్చి, "నువ్వు సైన్సు సదువుకున్నోనివి, చూసి చెప్పు బిడ్డా, పంపుదమా?" అన్నాడు. నేను చూశాను. పంపుదామన్నాను. దరఖాస్తు నింపింది నేనే. సాక్షి సంతకం కూడా నాదే.

ప్రాక్టికల్ రికార్డులో కంట్రోల్ లేని ప్రయోగం రాస్తే మా లెక్చరరుగారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఆ తొంభై శాతం దేనిలో తొంభై, ఎవరు లెక్కపెట్టారు, ఇంటికి వెళ్ళాక ఏడాది తరువాత చూశారా, మధ్యలో పారిపోయిన వారిని లెక్కలో వేశారా అని నేను అడగాల్సింది. అడగలేదు. దేవుని పేరు ఉన్న కాగితాన్ని అట్లా అడగటం మర్యాద కాదనిపించింది. ఏ మతమన్నది ఇక్కడ అనవసరం, ఏ మతమైనా నేను అట్లాగే చేసి ఉండేవాణ్ణి.

నెలకు 30 వేలు. ఆరు నెలలన్నది పదకొండయింది. ప్రతిసారీ "ఇంకా మనసు మారలేదు, ఇంకో మూడు నెలలు" అనేవారు. మొదటి రెండు నెలలు చూడనివ్వలేదు. ఫోనులో మాట్లాడేటప్పుడు పక్కన ఒకరు కూర్చునేవారు. "మంచిగున్న అన్నా" అన్న మాట తప్ప వాని నోట ఇంకొకటి రాలేదు. తిరిగొచ్చాక తెలిసింది: తెల్లవారకముందే లేచి రెండు గంటలు ప్రార్థన, తరువాత అందరి ముందు నిలబడి తన తప్పులు చెప్పుకోవాలి. చెప్పడానికి తప్పులు అయిపోతే కొత్తవి కల్పించి చెప్పేవాడట. మాట వినకుంటే మోకాళ్ళ మీద. డాక్టరు అనే మనిషిని వాడు అక్కడ ఒక్కసారి చూశాడు.

మన తెలుగు నేల మీద ఇటువంటి ఏర్పాటు కొత్తది కాదని తరువాత చదువుకుంటే తెలిసింది. స్టువర్టుపురం పేరు వినని వారుండరు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమాలు చూసినవాళ్ళం, దొంగల ఊరు అనుకుంటాం. చీరాల, బాపట్ల మధ్య రైలు స్టేషను గల ఆ ఊరిని 1913లో బ్రిటిషు ప్రభుత్వం ఒక దిద్దుబాటు కాలనీగా పెట్టింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే ఊరి పేరయింది. నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. ఆ సంస్థను 1882లో ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ అంతకుముందు ఐ.సి.యస్. అధికారి. నేరం ఒక జబ్బు వంటిదని, మతంతో, పనితో నయం చేయవచ్చని ఆయన నమ్మాడు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపినదీ ఇటువంటిదే.

అక్కడ ఉంచినవారు ముఖ్యంగా ఎరుకలవారు. గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుండి ఉప్పు మోసుకెళ్ళి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చుకునే సంచార వ్యాపారం వారిది. రైలు వచ్చింది, ఉప్పు మీద ప్రభుత్వ ఆంక్షలు వచ్చాయి, ఆ బ్రతుకు పోయింది. బ్రతుకు పోయినవాణ్ణి పుట్టు దొంగ అన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఆ సవరణలోని ఒక నిబంధన చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 6 ఏళ్ళ పైబడి 18 ఏళ్ళ లోపు ఉన్న పిల్లలను తల్లిదండ్రుల నుండి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ లేదా దిద్దుబాటు పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికుంది. పిల్లవాడు ఏ తప్పూ చేసి ఉండనక్కరలేదు, ఆ కులంలో పుడితే చాలు.

ఇక వ్యాపారం సంగతి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పుస్తకంలో ఈ కథ వివరంగా ఉంది. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. దానికి క్రమం తప్పకుండా వచ్చే కూలీలు కావాలి. సెటిల్మెంటులో ఉన్నవాళ్ళు హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా బయటకు పోరాదు. ఇంతకన్నా నమ్మకమైన కూలీలు ఏ కంపెనీకి దొరుకుతారు? పనికి పోకపోవటం కంపెనీ దృష్టిలో గైరుహాజరు, సెటిల్మెంటులో అదే దుర్నడత. సర్కారుకు కాపలా భారం తగ్గింది. మిషన్‌కు ఆత్మలు, కంపెనీకి చేతులు దొరికాయి. ముగ్గురికీ లాభమే గనుక "వీళ్ళు బాగుపడ్డారు, ఇక పంపించేద్దాం" అని చెప్పవలసిన అవసరం ముగ్గురిలో ఎవరికీ కలగలేదు. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక, మా తమ్ముని పదకొండు నెలలు ఎందుకయ్యాయో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆ మిషన్లే బడులు పెట్టాయి, వైద్యం చేశాయి. అక్కడ అక్షరాలు నేర్చిన కుటుంబాల నుండి తరువాత ఉద్యోగస్థులూ వచ్చారు. వెళ్ళినవారందరూ చెడ్డవారని అనలేను. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య, మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం అదే స్టువర్టుపురంలో పనిచేశారు. గేటు పెట్టలేదు. ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నారు, మాట్లాడారు, పోలీసులకూ వారికీ మధ్య నిలబడ్డారు. దేవుణ్ణి నమ్మనివారు చేశారు కనుక గొప్ప అని నా ఉద్దేశ్యం కాదు. ఆ మనుషుల్ని లోపల ఉంచటం వల్ల వారికి పైసా రాదు. తేడా అక్కడుంది.

అమెరికాలో ఇదే కథ మన కాలానికి దగ్గరగా జరిగింది. 1958లో కాలిఫోర్నియాలో మత్తుమందు బానిసల కోసం సినానన్ అనే సంస్థ పుట్టింది. ఒకరినొకరు గుంపులో కూర్చుని తిట్టుకోవటం అక్కడి చికిత్స. 1970లలో అది తానొక మతమని ప్రకటించుకుంది. దాని పద్ధతులు పిల్లల కార్యక్రమాల్లోకి పాకాయి. 1976లో ఫ్లోరిడాలో మొదలైన స్ట్రెయిట్ అనే సంస్థ 1993లో మూతపడేదాకా అనేక రాష్ట్రాల్లో శాఖలు నడిపింది. టెక్సస్‌లో లెస్టర్ రోలోఫ్ అనే ప్రచారకుడు పిల్లల ఇళ్ళు నడిపాడు. కొట్టారన్న ఫిర్యాదులు వచ్చి ప్రభుత్వం లైసెన్సు తీసుకొమ్మంటే, ఇది చర్చి పని, సర్కారుకు సంబంధం లేదన్నాడు. 1997లో అదే రాష్ట్రం మత సంస్థల ఇళ్ళకు సర్కారు లైసెన్సు లేకుండా వేరే గుర్తింపు చాలునని చట్టం చేసింది, 2001లో దానిని కొనసాగించకుండా వదిలేసింది. 2007లో ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇటువంటి చోట్ల వేలాది ఫిర్యాదులున్నాయని, పిల్లలు చనిపోయిన పది కేసులను పరిశీలించామని కాంగ్రెసుకు చెప్పింది. 2024లో సెనేటు కమిటీ నివేదిక ఇంకో సంగతి బయటపెట్టింది. పెద్ద కంపెనీలు మంచాలు నింపుకుని, సిబ్బందిని తగ్గించి, లాభం తీస్తున్నాయని. అదే సంవత్సరం డిసెంబరులో పిల్లల సంస్థల్లో హింసను అరికట్టే ఉద్దేశ్యంతో ఒక చట్టం వచ్చింది. మొదటి ఫిర్యాదుల నుండి అక్కడికి చేరటానికి యాభై ఏళ్ళు పట్టిందన్నమాట.

మన దేశంలో కళ్ళు తెరిపించినది 2001 ఆగస్టు 6. తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర మనోరోగులను ఉంచే ఒక ప్రైవేటు ఇంటికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నందున పారిపోలేక 28 మంది కాలిపోయారు. అక్కడికి తెచ్చింది వారి కుటుంబాలవారే, నమ్మకంతోనే. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇవాళ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం గొలుసులు వేయటం నిషిద్ధం. మత్తు అలవాటు వల్ల కలిగే స్థితులూ ఆ చట్టం కిందకే వస్తాయి గనుక, అటువంటివారిని చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రిజిస్టరు కావాలి. 18 ఏళ్ళ లోపువారిని ఇద్దరు నిపుణులు, వారిలో కనీసం ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించాలి. పెద్దవాళ్ళతో కలిపి ఉంచరాదు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లవాడు ఉన్నన్నాళ్ళూ ఇంటివాళ్ళు గాని, వారు పెట్టిన మనిషి గాని వెంట ఉండాలి. ఈ నిబంధన చదివినప్పుడు నాకు ఆ "మొదటి రెండు నెలలు చూడనివ్వము" అన్న షరతు గుర్తుకొచ్చింది. దాని కింద నా సంతకం ఉంది.

రక్షణ అవసరమైన పిల్లలను ఉంచే సంస్థలకైతే బాలల న్యాయ చట్టం, 2015 ఉంది. మతానిదైనా, ట్రస్టుదైనా, గ్రాంటు తీసుకున్నా తీసుకోకున్నా రిజిస్ట్రేషను తప్పనిసరి. లేకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. మూడు నెలలకొకసారైనా తనిఖీ బృందం వెళ్ళాలి. ఆ బృందంలో ఒక స్త్రీ, ఒక వైద్యాధికారి ఉండాలి. చట్టం బాగానే ఉంది. కాని బడి అని బోర్డు పెడితే ఒకటి, ఆశ్రమమంటే ఒకటి, డీ అడిక్షన్ అంటే ఇంకొకటి. ఒకే గేటుకు మూడు బోర్డులు మార్చుకోవచ్చు.

మా వైపు బాచుపల్లి, గండిమైసమ్మ, మేడ్చల్ దాకా రెసిడెన్షియల్ కాలేజీలు వరుసగా ఉన్నాయి. "హాస్టల్లో ఏస్తే దారికొస్తడు" అని అల్లరి పిల్లలను అక్కడ వేసే తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. ర్యాంకు కోసం కట్టిన చోటును మనం దిద్దుబాటు ఇల్లుగా వాడుకుంటున్నాం. ఇంటికి దూరంగా ఉండటమే తప్పని నేననను. 1971లో సర్వేలులో మొదలైన గురుకులంలో పేద పిల్లలు ఎందరో పైకొచ్చారు. అక్కడ పిల్లవాడు శిక్ష కోసం పోలేదు, చదువు కోసం పోయాడు.

తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు బంధువులందరూ మెచ్చుకున్నారు. పొద్దున్నే లేస్తున్నాడు, ఎదురు మాట్లాడటం లేదు, తల వంచుకుని తింటున్నాడు. బోటనీ చదివేవారికి తెలుసు, చీకట్లో మొలకెత్తిన గింజ మొక్క వెలుగులోదాని కన్నా పొడుగు పెరుగుతుంది. దూరం నుండి చూసినవాడు బాగా ఎదిగిందనుకుంటాడు. దగ్గరికొస్తే పాలిపోయి, ముట్టుకుంటే వాలిపోతుంది. నాలుగు నెలల తరువాత వాడు మళ్ళీ గంజాయి తాగాడు. ఈసారి ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి నేను తీసుకెళ్ళాను. ఓ.పి. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. డాక్టరు వాణ్ణే అడిగాడు, ఎప్పుడు తాగాలనిపిస్తుందని. వాడు నా వైపు చూశాడు, చెప్పొచ్చా అన్నట్టు. నేను బయటకొచ్చి నిలబడ్డాను. అరగంట మాట్లాడాడు లోపల. ఇప్పుడు నెలకోసారి పోతున్నాం, ఇంట్లోనే ఉంటున్నాడు. మధ్యలో ఒకసారి తప్పాడు, మళ్ళీ పోయాం. ఆసుపత్రికి పోలేనివాళ్ళకు 14416 టెలి మానస్ నంబరు, పిల్లవానికి ఎక్కడైనా హింస జరుగుతుంటే 1098, ఈ రెండూ రాసిపెట్టుకోమని మిత్రులకు మనవి.

పోయిన నెల మా ఊరివాడే ఒకాయన మా ఇంటికొచ్చాడు. కొడుకు పదిహేనేళ్ళవాడు, బడికి పోవటం లేదట. "మీ తమ్ముడు ఎంత మంచిగైండు! ఆడ ఏసిన్రు గదా, ఆ నంబరియ్యి" అన్నాడు. నేను రిజిస్ట్రేషను చూశావా, పిల్లవాణ్ణి ఎప్పుడంటే అప్పుడు చూడనిస్తారా, డాక్టరు ఎవరు, నెలలు పెంచితే ఎవరికి లాభం అని ఒక్కొక్కటీ చెబుతూ పోయాను. ఆయన విన్నాడు గాని, "గవన్ని మాకేం తెలుస్తయి, నంబరియ్యి" అని మళ్ళీ అన్నాడు. తమ్ముడు పశువుల కొట్టం దగ్గర గడ్డి వేస్తూ వింటున్నాడు. గడ్డి కింద పెట్టి వచ్చి, "పెద్దనాయనా, నేను చెప్తా కూసో" అన్నాడు.